కాళ్ళలో ఉబ్బిన సిరలు: వాటికి గల చికిత్సలు

దినమంతయు నిలువుకాళ్ళపై పని చేయువారి పిక్కల మీదను, మోకాలి వెనుకను, తొడ లోపలివైపునను నీలిరంగుతో మెలికలు తిరిగి ఉబ్బి కనిపించు నాళములను అందరును చూచియే యుందురు. బట్టల దుకాణములో చీరలు విప్పి చూపు యువతి, కూడలిలో నిలిచి వాహనములను నడిపించు పోలీసు జవాను, నల్లబల్ల ముందు పాఠము చెప్పు ఉపాధ్యాయిని, క్షౌరశాలలో కత్తెర పట్టిన పనివాడు, హోటలులో పెనము ముందు దోసెలు పోయు వంటమనిషి, వీరిలో పలువురికి సాయంకాలమగుసరికి కాళ్ళు బరువెక్కి చీలమండల వద్ద వాపు పొడసూపును. రాత్రి కాళ్ళ క్రింద దిండు పెట్టుకొని పడుకొన్నచో తగ్గును. తెల్లవారిన పిమ్మట మరల పని, మరల బరువు. వయసు వచ్చినది గనుక ఇది తప్పదని సరిపెట్టుకొని ఇట్లు పది పదిహేనేండ్లు గడుపువారు గలరు. చీలమండపై పుండు పడినప్పుడుగాని వారు ఆసుపత్రి మెట్లు ఎక్కరు.

తెలుగునాట ఈ వ్యాధిని "నరాలు ఉబ్బడం", "నరాలు తేలడం" అని చెప్పుకొందురు. ఈ పేరే రోగిని పెక్కుసార్లు పెడదారి పట్టించుచున్నది. వాడుకలో నరమనగా స్పర్శను, నొప్పిని తెలుపు నాడి కావచ్చును. రక్తము ప్రవహించు నాళము కావచ్చును. కండరమును ఎముకకు కట్టియుంచు త్రాడు వంటి స్నాయువును కావచ్చును. అందుచేత కాలిలో "నరము" ఉబ్బినవాడు నరముల బలహీనతకని అమ్ము టానిక్కులు కొని త్రాగును. లేదా నాడీ వ్యాధుల నిపుణుని వెదకికొని పోవును. ఇక్కడ చెడినది నాడి కాదు, సిర. అనగా వాడుకయైన రక్తమును తిరిగి గుండెకు చేర్చు నాళము. పట్టణములలో ఈ వ్యాధికి వెరికోస్ వెయిన్స్ అను పేరు ఇప్పుడు బాగుగా వ్యాపించినది. దీనిని చూడవలసినవాడు శస్త్రవైద్యుడు. పెద్ద ఆసుపత్రులలో రక్తనాళముల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగము కూడ ఉండును.

సిరలలోని తలుపులు

గుండె నుండి ధమనుల ద్వారా పాదములకు వచ్చిన రక్తము మరల గుండెకు చేరవలెనన్నచో దాదాపు నాలుగడుగుల ఎత్తు ఎక్కవలసియున్నది. సిరలలోనికి వచ్చుసరికి గుండె త్రోపుడు చాల వరకు తగ్గిపోవును. రక్తమును పైకి పంపు పనిని ప్రధానముగా పిక్క కండరము చేయును. మనిషి అడుగు వేసినప్పుడెల్ల పిక్క బిగిసి, లోపలి సిరలను పిండి, రక్తమును పైకి నెట్టును. పిక్కను రెండవ గుండె యని వైద్యులు చెప్పుట అందువలననే. పిక్క సడలినప్పుడు పైకి పోయిన రక్తము క్రిందికి జారకుండ సిరల లోపల చిన్న చిన్న కవాటములు గలవు. గోదావరి డెల్టా కాలువల మీది లాకులను చూచినవారికి వీటి తీరు సులభముగా బోధపడును. లాకు రెక్కలు పైనీటి బరువుకే ఒకదానికొకటి ఆనుకొని బిగుసుకొనునట్లు, కవాటపు రెండు రెక్కలును వెనుకకు మరలిన రక్తపు బరువుకే మూసుకొనును.

ఇటలీ దేశమున పాడువా విశ్వవిద్యాలయములో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించిన ఫాబ్రీషియస్ 1603లో ఈ కవాటములను చక్కని బొమ్మలతో వర్ణించి గ్రంథము ప్రకటించెను. అవి ఏ పని చేయునో ఆయనకు సరిగా అంతుపట్టలేదు. ఆయన వద్ద చదువుకొన్న ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే చేతికి పట్టీ కట్టి, ఉబ్బిన సిరను వ్రేలితో నొక్కి, రక్తము ఒకే దిశలో పోవునని 1628లో లోకమునకు చూపెను. రక్తము శరీరమున చుట్టి తిరుగునను సిద్ధాంతమునకు ఈ చిన్న తలుపులే గట్టి సాక్ష్యమిచ్చినవి.

కాలిలో సిరలు రెండు వరుసలుగా నుండును. కండరముల నడుమ లోతుగా పోవునవి పెద్దవి; కాలి నుండి పైకి పోవు రక్తములో పదింట తొమ్మిది వంతులు వీటి గుండనే సాగును. చర్మము క్రింద పైపైన పోవునవి రెండవ వరుస. వీటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి లోపలి చీలమండ ముందు నుండి బయలుదేరి గజ్జ వరకు పోవు పెద్ద సఫీనస్ సిర. మరియొకటి వెలుపలి చీలమండ వెనుక నుండి మోకాలి వెనుకకు పోవు చిన్న సఫీనస్ సిర. ఈ పైసిరలలో కవాటములు చెడినప్పుడు రక్తము గజ్జ నుండి క్రిందికి జారి, పిక్క వద్ద నిలిచి, పలుచని గోడలను ఉబ్బజేసి మెలికలు తిప్పును. కంటికి కనిపించు మెలికలు క్రింద నున్నను, కారుచున్న తలుపు పెక్కుసార్లు పైన గజ్జలో నుండును. చికిత్స యంతయు ఈ ఒక్క సంగతి మీద ఆధారపడియున్నది.

కదలక నిలుచున్న మనిషి చీలమండ వద్ద సిరలోని పీడనము సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసము. నడక మొదలిడినచో ఆరోగ్యవంతునికి అది 30 ప్రాంతమునకు దిగును. కవాటములు చెడినవానికి నడచినను అంతగా దిగదు. రాత్రింబగళ్ళు నిలిచియున్న ఈ పీడనము చర్మమును లోపలి నుండి పాడుచేయును. మొదట వాపు, పిదప చీలమండ చుట్టును దురద, గోధుమ రంగు మచ్చ, చర్మము గట్టిపడుట, కడపట లోపలి చీలమండ పైభాగమున మానని పుండు. అందరికిని ఇన్ని దశలును రావు. చాలమంది ఉబ్బుతోనే జీవితమంతయు గడుపుదురు. కాని చర్మపు రంగు మారినదన్నచో వ్యాధి రూపమునకు సంబంధించిన చిక్కుగా మిగిలియుండలేదని తెలిసికొనవలెను.

ఎవరికి వచ్చును?

తల్లిదండ్రులకు ఉన్నచో బిడ్డలకు వచ్చు అవకాశము హెచ్చు. స్త్రీలలో గర్భధారణ మరియొక ముఖ్య కారణము. గర్భకాలమున శరీరములో పుట్టు హార్మోనులు సిరల గోడలను సడలించును, రక్తము పెరుగును, గర్భాశయము కటిలోని సిరలను అదుమును. ప్రసవమైన మూడు నెలలలోపల ఈ ఉబ్బు చాల వరకు తగ్గుట కద్దు. కావున గర్భిణులకు శస్త్రచికిత్స తలపెట్టక, మేజోళ్ళతోను విశ్రాంతితోను ఆ కాలమును గడపుటయే మేలు. వయస్సు, స్థూలకాయము, పూర్వము లోతు సిరలో రక్తము గడ్డకట్టి యుండుట కూడ కారణములే. కాలిపై కాలు వేసికొని కూర్చుండుట వలన ఈ వ్యాధి వచ్చునని పెద్దలు మందలించుట కలదు గాని, ఆ మాటకు ఆధారము కనబడదు.

కదలక గంటల తరబడి నిలుచుట మాత్రము నిజముగనే హాని చేయును. దక్షిణ భారతమున ఈ విషయము శాసనసభల వరకు పోయినది. కేరళలో బట్టల దుకాణములందు పని చేయు స్త్రీలు, పని వేళ కూర్చుండుటకు అనుమతి లేక కాళ్ళు చెడుచున్నవని ఏండ్ల తరబడి ఆందోళన సాగించిరి. 2018లో ఆ రాష్ట్రము దుకాణముల చట్టమును సవరించి పనివారికి ఆసనములు ఏర్పరచుట యజమానుల విధిగా చేసెను. 2021లో తమిళనాడు అట్టి సవరణనే తెచ్చెను. ఒక పీట ఖరీదెంత? దానిని సంపాదించుటకు ఇంత పోరాటము కావలసివచ్చెను.

బోదకాలని పొరపడుట

కోస్తా జిల్లాలలో ఫైలేరియా వ్యాధి చిరకాలముగా నున్నందున, కాలు వాచినవారిని చూచి బోదకాలని ఇరుగుపొరుగులు నిర్ణయించుట సామాన్యము. బోదకాలులో చెడినవి లసిక నాళములు. వాపు పాదము పైభాగమునకును వ్రేళ్ళకును ప్రాకి, క్రమముగా చర్మము మందమై ముడుతలు పడును. నడుమ నడుమ చలిజ్వరము రావచ్చును. సిరల వ్యాధిలో వాపు ముఖ్యముగా చీలమండ చుట్టును ఉండి, చర్మము నల్లబడి, పుండు లోపలివైపున పడును. రెండును ఒకే కాలిలో నుండుట కూడ అసంభవము కాదు. అందుచేత పరీక్ష అవసరము. రెండు కాళ్ళును సమముగా వాచినచో గుండె, మూత్రపిండములు, కాలేయము కూడ పరీక్షింపబడవలెను.

ఒకే కాలు ఒకటి రెండు దినములలో హఠాత్తుగా వాచి, పిక్కలో నొప్పి పుట్టినచో ఆలస్యము తగదు. లోతు సిరలో రక్తము గడ్డకట్టి యుండవచ్చును. ఆ గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరినచో ఆయాసము, గుండెనొప్పి కలిగి ప్రాణాపాయమగును. అట్టి కాలిని నూనెతో మర్దన చేయుట మిక్కిలి ప్రమాదము. మర్దన చేయువాని మంచి మనసు గడ్డను ఆపజాలదు.

సిర చిట్లి రక్తము కారినప్పుడు

ఈ వ్యాధిలో ఇంటిల్లిపాదికి తెలిసియుండవలసిన సంగతి ఇదొక్కటి. చీలమండ వద్ద ఉబ్బిన సిరపై చర్మము కాగితము వలె పలుచబడి, స్నానము చేయునప్పుడో, గోరు తగిలినప్పుడో చిట్లును. నొప్పి యుండదు. నిలుచున్న మనిషి సిరలోని పీడనము వలన రక్తము ధారగా చిమ్మును. ఒంటరిగా నున్న వృద్ధులు ఇట్లు ప్రాణములు కోల్పోయిన సందర్భములు వైద్య గ్రంథములలో నమోదైయున్నవి. చేయవలసిన పని మాత్రము పిల్లలు సైతము చేయగలంత సులభము.

రోగిని వెంటనే వెల్లకిల పరుండబెట్టి, కాలిని గుండె కంటె ఎత్తుగా నెత్తి, గోడకో కుర్చీకో ఆనించవలెను. శుభ్రమైన గుడ్డను మడచి, రక్తము వచ్చుచోటనే అరచేతితో గట్టిగా నొక్కి, పది నిమిషముల వరకు తీసి చూడకుండ అట్లే ఉంచవలెను. కాలు ఎత్తిన క్షణముననే ధార తగ్గును. పిదప గుడ్డ తీయకయే పైన పట్టీ చుట్టి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రక్తము ఆగకున్నచో నొక్కిన చేయి తీయకుండ 108 వాహనమును పిలువవలెను.

ఇంటిలో సాధారణముగా జరుగునది దీనికి విరుద్ధము. రోగిని కుర్చీలో కూర్చుండబెట్టి, నీళ్ళు త్రాగించి, గాయమునకు పైన పిక్క మీదనో తొడ మీదనో తువ్వాలు బిగించి కట్టుదురు. పాముకాటుకు కట్టు కట్టిన పాత అలవాటు కాబోలు. ఆ కట్టు ధమనిని మూయునంత బిగువుగా నుండదు. రక్తము కాలిలోనికి వచ్చుచునే యుండును, పైకి పోవు దారి మాత్రము మూసికొనును. ఫలితముగా గాయము నుండి రక్తము హెచ్చగును. పసుపు, కాఫీపొడి అద్దుట వలన కాలహరణమే గాని ప్రయోజనము లేదు. ఒకసారి చిట్లిన సిర మరల చిట్లును గనుక, ఆగినదని ఊరకుండక ఆ సిరకు చికిత్స చేయించుకొనవలెను.

మేజోళ్ళు, నడక

చికిత్సలలో మొదట చెప్పబడునది మేజోడు. ఇది బూటులో తొడుగు మేజోడు వంటిది కాదు. చీలమండ వద్ద ఎక్కువగాను, పైకి పోనుపోను తక్కువగాను బిగించునట్లు నేయబడినది. సామాన్యముగా చీలమండ వద్ద 20 నుండి 30 మిల్లీమీటర్ల పీడనము గల రకమును వైద్యులు వ్రాయుదురు. పుండు మానినవారికి అంతకు మించిన బిగువు కావలసిరావచ్చును. వాపు లేని ప్రాతఃకాలమున కాలి కొలతలు తీయించి కొనవలెను. పడక దిగక ముందే తొడిగి, రాత్రి తీసివేయవలెను. మడతపడి మోకాలి క్రింద త్రాడు వలె బిగిసినచో మేలుకు బదులు కీడగును. సాగిపోయిన మేజోడు ఉత్త గుడ్డతో సమానము. ఆరు నెలలకొకసారి మార్చుకొనవలెను.

ఏప్రిలు, మే నెలల ఎండలో ఈ బిగువు బట్టను తొడుగుకొని యుండుట ఎంత కష్టమో తొడుగుకొన్నవారికే తెలియును. మేజోడు బరువును, వాపును తగ్గించును గాని చెడిన కవాటమును బాగుచేయదు. తీసిన మరునాడే వ్యాధి యథాస్థితికి వచ్చును. బ్రిటను దేశపు నైస్ అను ప్రభుత్వ వైద్య సలహా సంస్థ 2013లో ఇచ్చిన సూచనలలో, సిరను మూయు చికిత్సకు తగనివారికి మాత్రమే మేజోళ్ళతో సరిపెట్టవలెనని చెప్పినది.

మధుమేహము గలవారును, పొగత్రాగువారును వైద్యుని అడుగక మేజోళ్ళు తొడుగరాదు. వారిలో కాలికి రక్తము తెచ్చు ధమనులే సన్నబడి యుండవచ్చును. అట్టి కాలిని బిగించినచో వచ్చు కొద్ది రక్తమును ఆగి, వ్రేళ్ళు కుళ్ళు ప్రమాదమున్నది. చేతిలోను చీలమండలోను రక్తపు పీడనమును పోల్చి చూచు చిన్న పరీక్ష ఈ సందేహమును తీర్చును.

నడక మంచిది. నిలిచి పని చేయక తప్పనివారు మడమలు ఎత్తి దించుచుండినచో పిక్క తన పని తాను చేయును. మాత్రలు కొన్ని కలవు. అవి బరువును, వాపును కొంత తగ్గింపవచ్చును గాని ఉబ్బిన సిరను మాయము చేయజాలవు. అట్లు చేయునని చెప్పి అమ్మబడు లేపనములకు డబ్బు పోయుట వృథా.

కారుచున్న తలుపును వెదకుట

పూర్వము వైద్యులు రోగిని పరుండబెట్టి, కాలు ఎత్తి సిరలను ఖాళీ చేసి, తొడకు పట్టీ బిగించి, నిలువబెట్టి పట్టీ వదలి, రక్తము పై నుండి జారునో లేదో కంటితో చూచి నిర్ణయించెడివారు. జర్మను శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ పేర ఈ పరీక్ష నేటికిని వైద్య విద్యార్థులకు నేర్పబడుచున్నది. ఇప్పుడు డ్యూప్లెక్స్ స్కాను అను అల్ట్రాసౌండ్ పరీక్ష వచ్చినది. సూది లేదు, ఎక్స్‌రే లేదు. రోగిని నిలువబెట్టి పిక్కను నొక్కి వదలినప్పుడు రక్తము ఎటు పోవుచున్నదో తెరపై కనబడును. లోతు సిరలు తెరచియున్నవా, ఏ పైసిర ఎచ్చట నుండి ఎచ్చటి వరకు కారుచున్నది అను రెండు ప్రశ్నలకు ఇది జవాబిచ్చును. లోతు సిర మూసికొనిపోయిన కాలిలో పైసిరయే రక్తమునకు మిగిలిన దారి కావచ్చును. దానిని తీసివేసినచో కాలు మరింత చెడును. స్కాను చేయకయే చికిత్స చేసెదమని చెప్పుచోటికి పోకుండుటయే క్షేమము.

కోసి తీయుట

ట్రెండెలెన్‌బర్గ్ 1890 ప్రాంతమున పెద్ద సఫీనస్ సిరను తొడలో కట్టివేసి, రక్తము క్రిందికి జారుటను ఆపు శస్త్రచికిత్సను ప్రచారములోనికి తెచ్చెను. 1905 నుండి 1907 వరకు అమెరికాలో కెల్లర్, మేయో, బాబ్‌కాక్ అను శస్త్రవైద్యులు సిరను కట్టుటతో ఆగక, దాని పొడుగునను లాగివేయు సాధనములను కల్పించిరి. గజ్జలో చిన్న కోత, మోకాలి వద్ద మరియొక కోత; నడుమనున్న సిరను తీగతో ఊడ్చివేయుట. ఇరువదవ శతాబ్దమంతయు ఇదియే ప్రధాన చికిత్స. ఇప్పటికిని మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది విరివిగా జరుగుచున్నది. అనుభవము గల చేతిలో ఫలితము మంచిదే. వెన్నుకు మత్తు ఇత్తురు. తొడపై కమిలిన మచ్చలు, కొన్ని వారముల నొప్పి, చీలమండ లోపలివైపున తిమ్మిరి దీనితో వచ్చు ఇబ్బందులు.

వేడితో మూయుట

1990ల చివర నుండి సిరను కోసి తీయక, లోపలనే మూసివేయు పద్ధతి వచ్చినది. స్కానులో చూచుచు మోకాలి వద్ద సూది గుండ సన్నని గొట్టమును సిరలోనికి ఎక్కించి, గజ్జ సమీపము వరకు తీసికొనిపోవుదురు. సిర చుట్టును లిగ్నోకెయిన్ మత్తుమందు కలిపిన ఉప్పునీటిని ఎక్కింతురు. ఈ నీరు నొప్పి తెలియనీయదు, సిరను గొట్టము మీదికి అదుమును, చర్మమును నాడులను వేడి నుండి కాపాడును. పిదప రేడియో తరంగముతోనో లేసరు కిరణముతోనో సిర గోడను కాల్చుచు గొట్టమును వెనుకకు లాగుదురు. రేడియో పద్ధతిలో గొట్టపు కొన 120 డిగ్రీల వేడితో, ఏడు సెంటీమీటర్ల మేర సిరను ఇరువది సెకండ్లలో మూసివేయును. రోగి అదే దినమున నడచి ఇంటికి పోవును. కమిలిన మచ్చలు, కొన్నాళ్ళు లాగుచున్నట్లు నొప్పి సామాన్యము. రక్తము గడ్డకట్టుట, చర్మము కాలుట అరుదు.

ఉప్పునీరు ఎక్కించుట చేతకాని తొందరపనియైనచో ఈ చికిత్సలో బాధ హెచ్చును. ఖర్చును తక్కువ కాదు.

నురుగు, జిగురు

పాలిడోకనాల్, సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ అను మందులు సిర లోపలి పొరను గాయపరచి అతికించును. వీటిని గాలితో చిలికి నురుగు చేసి ఎక్కించినచో, నురుగు రక్తమును త్రోసివేసి సిర గోడకు అంటుకొనును గనుక కొద్దిమందే చాలును. రెండు సిరంజిలను ఒక చిన్న కుళాయితో కలిపి అటునిటు త్రోసి నురుగు చేయు సులభ పద్ధతిని ఇటలీ వైద్యుడు టెస్సారి కనిపెట్టెను. ఖర్చు తక్కువ, మత్తు అక్కరలేదు, మరల మరల చేయవచ్చును. మెలికలు తిరిగి గొట్టమెక్కని సిరలకును, శస్త్రచికిత్సకు ఓర్వలేని వృద్ధులకును ఉపయోగము. అయితే మూసిన సిర మరల తెరచుకొనుట దీనిలో ఎక్కువ. చర్మముపై గోధుమ రంగు చారలు నెలల తరబడి నిలువవచ్చును.

సయనోఅక్రిలేట్ అను జిగురుతో సిరను అతికించు పద్ధతి 2010 తరువాత వచ్చినది. వేడి లేదు, సిర చుట్టును సూదులు లేవు. ధర మాత్రము చాల హెచ్చు. కొందరికి ఆ జిగురు సరిపడక చర్మము ఎఱ్ఱబడి దురద పుట్టును.

పెద్ద సిరను ఏ విధముగా మూసినను, పిక్కపై మిగిలిన పెద్ద మెలికలను సూదిమొన వంటి చిన్న గాట్లతో కొక్కెముపై తీసివేయుట కలదు. ఆ గాట్లకు కుట్లు కూడ పెక్కుసార్లు అక్కరలేదు.

ఇన్నింటిలో ఏది మేలు? పైన చెప్పిన నైస్ సంస్థ వేడితో మూయుటను మొదట, అది కుదరనిచో నురుగును, అదియు కుదరనిచో శస్త్రచికిత్సను సూచించినది. 2014లో బ్రిటనులో 798 మంది రోగులపై ఫలితములు ప్రకటించిన పరిశోధనలో, లేసరుకును శస్త్రచికిత్సకును ఆరు నెలలనాటి సుఖములో భేదము లేకుండెను. నురుగు కొంచెము వెనుకబడెను. చిక్కులు లేసరులో తక్కువగా నుండెను. కావున లేసరుకు డబ్బు లేదని శస్త్రచికిత్సను కాదని కూర్చుండుట తెలివి కాదు. ఆయుష్మాన్ భారత్ వంటి ప్రభుత్వ పథకములలో ఏ పద్ధతికి ఖర్చు లభించునో ఆసుపత్రిలో ముందుగనే అడిగి తెలిసికొనవలెను.

సిరను మూసినచో రక్తము ఎటు పోవునని రోగులు భయపడుదురు. ఆ సిర రక్తమును పైకి పంపుట మానివేసి చాలకాలమైనది. క్రిందికి జార్చుటయే దాని పని యైనది. మూసినచో రక్తము లోతు సిరల దారి పట్టును. మరికొందరు, ముందు ముందు గుండెకు బైపాస్ చేయవలసివచ్చినచో కాలి సిర కావలెను గదా యని సంశయింతురు. నిజమే, ఆ శస్త్రచికిత్సకు పెద్ద సఫీనస్ సిరనే వాడుదురు. కాని ఉబ్బి మెలికపడిన సిర దానికి సాధారణముగా పనికిరాదు.

మానని పుండు

చీలమండ పుండుతో వచ్చు రోగి సంచిలో సామాన్యముగా పది రకముల లేపనపు గొట్టములు కనబడును. పుండుపై పూయు మందు వలన పుండు మానదు; లోపలి పీడనము తగ్గినప్పుడే మానును. పుండును శుభ్రమైన నీటితో కడిగి, అంటుకొనని గుడ్డ వేసి, వ్రేళ్ళ మొదళ్ళ నుండి మోకాలి క్రింది వరకు పొరలు పొరలుగా బిగువు పట్టీలు చుట్టుటయే చికిత్సకు మూలము. ఆకు పసరు, సున్నము, పసుపు పుండు చుట్టును నున్న చర్మమును మరింత కాల్చును. జ్వరము, చుట్టును ఎఱ్ఱదనము, చీము ఉన్నప్పుడే యాంటీబయాటిక్ మాత్రలు అవసరము.

పట్టీలతో పుండు మానును గాని కారుచున్న సిర అట్లే యున్నచో మరల పడును. 2004లో బ్రిటనులో 500 మందిపై జరిగిన పరిశోధన ఈ సంగతిని తేల్చెను. పట్టీలతో పాటు సిరకు శస్త్రచికిత్స జరిగినవారిలో ఏడాదిలోపల నూటికి 12 మందికి పుండు తిరుగబెట్టగా, పట్టీలు మాత్రమే వాడినవారిలో నూటికి 28 మందికి తిరుగబెట్టెను. పుండు మానినంత వరకు ఆగి సిరను మూయవలెనా, ముందే మూయవచ్చునా యను ప్రశ్నకు 2018లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన బదులిచ్చెను. 450 మందిలో వెంటనే సిరను మూసినవారికి పుండు మానుటకు నడిమి లెక్కన 56 దినములు పట్టగా, ఆగినవారికి 82 దినములు పట్టెను. పుండు ఉన్నది గనుక ఇప్పుడు ఏమియు చేయరాదను పాత మాట దీనితో వీగిపోయినది. ఏళ్ళ తరబడి మానక అంచులు పైకి లేచి పెరుగు పుండు మాత్రము కాన్సరుగా మారియుండవచ్చును. చిన్న ముక్క తీసి పరీక్షించుట అవసరము.

చికిత్స అయిన పిమ్మట అదే దినమున నడక మొదలిడవలెను. మంచము పట్టినచో రక్తము గడ్డకట్టు భయము హెచ్చును. వైద్యుడు చెప్పినన్నాళ్ళు మేజోడు తొడుగవలెను. గొంతుకూర్చుండుట, మెట్లెక్కుట నొప్పిని బట్టి కొలది దినములలో మరల ఆరంభింపవచ్చును. వైద్యుడు చెప్పిన గడువునకు పోయి, సిర సరిగా మూసికొన్నదో లేదో, లోతు సిరలో గడ్డ యున్నదో లేదో స్కానులో చూపించుకొనవలెను. కొన్నేండ్లకు మరియొక సిర కారుట మొదలిడవచ్చును. అప్పుడు మొదటి స్కాను కాగితములు చేతనున్నచో వైద్యుని పని సగము తీరును.